ఆ ఎర్ర చుక్కల బొమ్మ గురించి

పోయిన ఆదివారం పొద్దున్న మా వదిన వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. మనిషి ఆకారం ముందూ వెనకా గీసి, తల వెనక, మెడ, భుజాలు, కాలర్ ఎముక కింద, మోచేతులు, పిరుదులు, తుంట్లు, మోకాళ్ళ లోపలి పక్క, మొత్తం 18 ఎర్ర చుక్కలు పెట్టారు. కింద రెండు ముక్కలు: "ఈ చోట్ల నొక్కి చూసుకోండి, 11 చోట్ల నొప్పి ఉంటే మీకు ఫైబ్రోమయాల్జియా ఉన్నట్టే. ఇవే చోట్ల ఆక్యుపంక్చర్ సూదులు పెట్టించుకుంటే మందుల్లేకుండా తగ్గిపోతుంది." ఆ కింద మా వదిన "చూడు అమ్మాయ్" అని మాత్రం రాసింది.

ఫైబ్రోమయాల్జియా అంటే ఒంటి నిండా నెలల తరబడి నొప్పి, దాంతోపాటు నీరసం, నిద్ర సరిపోకపోవడం ఉండే జబ్బు. నాకది వచ్చి పదేళ్ళు దాటింది. ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను, దానివల్ల కొంత సుఖపడ్డాను కూడా. అయినా ఆ బొమ్మ చూడగానే ఒళ్ళు మండింది. అందులో మొదటి ముక్క ఒకప్పటి నియమం, ఇప్పుడు చెల్లదు. రెండో ముక్క ఎప్పుడూ నిజం కాదు. రెండూ కలిపి చదివితే మన నొప్పి ఆ చుక్కల దగ్గర గూడు కట్టుకుని ఉందనీ, సరిగ్గా అక్కడ పొడిస్తే లేచిపోతుందనీ అనిపిస్తుంది. నొప్పి తెలిసేది అక్కడే, జబ్బు ఉన్నది మాత్రం అక్కడ కాదు. ఈ ఒక్క మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు, చాలా డబ్బు పట్టాయి. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

11కి 9

నొప్పులు మొదలైన రెండేళ్ళకి, 2016లో, ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మా ఊరి నుంచి బస్సులో రెండున్నర గంటలు. అంతసేపు కూర్చోలేనని బస్సెక్కే ముందే నొప్పి మాత్ర వేసుకున్నాను. ఆయన నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల వెనక నుంచి మొదలుపెట్టి ఒక్కో చోటా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చారు. గోరు తెల్లగా పాలిపోయేదాకా నొక్కడం, "నొప్పా?" అనడం, పక్కన నర్సు కాగితం మీద గీత పెట్టడం. కొన్ని చోట్ల ప్రాణం లేచొచ్చినట్టయి "నొప్పండీ" అన్నాను. కొన్ని చోట్ల "కొంచెం" అన్నాను. "కొంచెం" అన్నప్పుడు గీత పడలేదు. చివరికి లెక్కేస్తే 9. "11 ఉండాలమ్మా. మీకిది ఫైబ్రోమయాల్జియా కాదు. టెన్షన్ తగ్గించుకోండి" అని విటమిన్ డి రాసి పంపారు.

తిరుగు బస్సులో దారి పొడుగునా తక్కువైన ఆ రెండు గురించే ఆలోచించాను. మాత్ర వేసుకోకుండా వెళ్ళి ఉంటే? "కొంచెం" అనకుండా "నొప్పే" అని ఉంటే? రెండు మార్కుల్లో తప్పిన పిల్లల మొహాలు బళ్ళో ఎన్నో చూశాను. ఆ రోజు బస్సు అద్దంలో నా మొహం అలాగే ఉంది. ఆ తర్వాత కొన్ని నెలలు రాత్రిపూట నా చోట్లు నేనే నొక్కి లెక్కపెట్టుకునేదాన్ని. ఒకరోజు 14, ఇంకోరోజు 8. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఎక్కువ, సెలవుల్లో తక్కువ. నొక్కి నొక్కి భుజం కమిలిపోయింది కూడా.

ఆ నొక్కుడు బలం సుమారు 4 కిలోలు ఉండాలని నియమం. ఇది రాయడానికి ముందు మా వంటింటి కాటా బల్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కి చూశాను. 4 దగ్గర నిలపడం నావల్ల కాలేదు, అంకె 3కీ 5కీ మధ్య ఊగుతూనే ఉంది. ఇంటర్ చదివే మా అబ్బాయి ఒక్క నొక్కుతో 6 దాటించాడు. నా గోరు పాలిపోయిన అంకె వేరు, వాడి గోరు పాలిపోయిన అంకె వేరు. తర్ఫీదు అయిన డాక్టరు చెయ్యి ఇంతకన్నా నిలకడగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు నేను వేసుకున్న మాత్ర సంగతి ఆ చేతికి ఎలా తెలుస్తుంది?

ఈ లెక్క పెట్టినవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1904లో విలియం గవర్స్ దీనికి "ఫైబ్రోసైటిస్" అని పేరు పెట్టాడు, కండల పీచులో వాపు అని. ఆ వాపు ఎవరికీ కనబడలేదు. కనబడని దాన్ని జబ్బని ఒప్పుకోని డాక్టర్ల మధ్య చేత్తో తాకి చూపించగలిగే గుర్తు ఒకటి దొరకడం ఎంత ఊరటో నాకు తెలుసు, నేనూ ఆ 11 కోసం మొక్కుకున్నదాన్నే. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ (కీళ్ళ జబ్బుల డాక్టర్ల సంఘం) తరఫున 16 కేంద్రాల్లో 293 మంది రోగుల్ని, వేరే రకం నొప్పులున్న 265 మందితో పోల్చి చూశారు. ఒంటి నిండా నొప్పి మూడు నెలలుగా ఉండి, 18లో కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి ఉండాలని తేల్చారు. నొప్పి అని రోగి నోటితో చెప్పాలి, సున్నితంగా ఉందంటే లెక్కలోకి రాదు. నా "కొంచెం"కి గీత ఎందుకు పడలేదో అది చదివాక తెలిసింది. ఆ పత్రంలో చుక్కలు పెట్టింది లూవ్ర్ మ్యూజియంలో ఉన్న 1793 నాటి ముగ్గురు దేవతల వర్ణచిత్రం మీద. నిగనిగలాడే ఒళ్ళు, ఏ జబ్బూ ఉన్నట్టు కనబడరు. మనమూ పైకి అలాగే కనబడతాం కదా అనిపించి ఆ బొమ్మని చాలాసేపు చూశాను.

అయితే ఆ నియమం పుట్టింది పరిశోధనల కోసం. ఏ దేశంలో పరిశోధన చేసినా ఒకే తరహా రోగుల్ని తీసుకోవాలి కాబట్టి. ఎదురుగా కూర్చున్న ఒక మనిషికి "ఉంది", "లేదు" అని తీర్పు చెప్పడానికి దాన్ని వాడొద్దని, ఆ 1990 బృందాన్ని ముందుండి నడిపించిన ఫ్రెడరిక్ వుల్ఫే 2003లో రాశాడు. 2010లో వచ్చిన కొత్త నియమాల్లో నొక్కి లెక్కపెట్టడం పూర్తిగా తీసేశారు. నన్ను నొక్కి 9 అన్నది దానికి ఆరేళ్ళ తర్వాత.

"ఎలాంటి నొప్పి?"

2018లో కలిసిన రుమటాలజిస్టు, అంటే కీళ్ళ జబ్బుల డాక్టరు, ఆ 18 చోట్ల జోలికే పోలేదు. ఒక బొమ్మ ఇచ్చి, పోయిన వారంలో ఎక్కడెక్కడ నొప్పి ఉందో నన్నే గుర్తు పెట్టమంది. అందులో 19 భాగాలు. తర్వాత నీరసం, నిద్ర లేచాక కూడా బడలిక, మతిమరుపు, వీటికి మార్కులు. ఇంకో పని కూడా చేసింది: నా రెండు చేతులూ పట్టుకుని వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే అదిమి చూసింది, వాపు ఉందా అని. థైరాయిడ్ పరీక్ష మళ్ళీ చేయించింది. ఫైబ్రోమయాల్జియాలో కీళ్ళు వాయవు, అరగవు, వాపు ఉంటే అది వేరే దారి అని చెప్పింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

తర్వాత "ఎలాంటి నొప్పి?" అని అడిగి పెన్ను పట్టుకుని ఆగింది. నన్ను అలా అడిగినవాళ్ళు అంతవరకూ లేరు. మెడ పట్టేస్తుందండీ అన్నాను. భుజాలు సలుపు. పిక్కలు తీపులు. నడుములో పోటు. మోచెయ్యి బీరువాకి తగిలితే జివ్వుమని మెదడు దాకా పాకుతుంది. తెల్లారి లేస్తే ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టుంటుంది. ఆవిడ అన్నీ రాసుకుంది. మన భాషలో నొప్పికి ఇన్ని మాటలుండి కూడా, డాక్టరు గది గుమ్మం దాటేసరికి అన్నీ కలిసి "ఒళ్ళు నొప్పులు" అయిపోతాయి. ఒళ్ళు నొప్పులు లేనిదెవరికి? నాట్లు వేసి వచ్చినవాళ్ళకీ ఒళ్ళు నొప్పులే, జ్వరం తగిలినవాళ్ళకీ ఒళ్ళు నొప్పులే. ఆ మాట అనగానే అవతలివాళ్ళ చెయ్యి అమృతాంజనం సీసా వైపు వెళ్తుంది.

మగవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. నొక్కి లెక్కపెట్టే రోజుల్లో ఇది దాదాపు ఆడవాళ్ళ జబ్బు అన్నట్టు ఉండేది. అమెరికాలోని విచిటా నగరంలో చేసి 1995లో ప్రచురించిన సర్వేలో ఆడవాళ్ళలో 3.4 శాతం, మగవాళ్ళలో 0.5 శాతం అని తేలింది. నొక్కితే నొప్పి తెలియడం ఆడవాళ్ళలో సగటున ముందే మొదలవుతుంది కాబట్టి, చుక్కల లెక్క వాళ్ళనే ఎక్కువగా పట్టుకునేది. చుక్కలు తీసేసి కొలిస్తే ఆ తేడా బాగా తగ్గింది. మా బళ్ళో లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో బల్ల మీద తల వాల్చి ఒకరోజు అడిగారు, "మేడమ్, మీ జబ్బు మగవాళ్ళకి రాదంట కదా?" ఆయన ఆ ప్రశ్న నా గురించి అడగడం లేదని నాకు ఇంటికెళ్ళాక గానీ తట్టలేదు. మర్నాడు మళ్ళీ మాట కలిపితే ఆయన క్రికెట్ గురించి మాట్లాడారు.

గుడి మైకు

మరి చుక్కల దగ్గర ఏమీ లేకపోతే అంత నొప్పి ఎక్కడిది? నాకు అర్థమైన తీరులో చెబుతాను. ధనుర్మాసంలో మా వీధి చివర గుడిలో మైకు పెడతారు. వాల్యూమ్ పూర్తిగా పెంచేస్తే పూజారిగారు గొంతు సవరించుకున్నా, పళ్ళెం కింద పెట్టినా వీధంతా అదిరిపోతుంది. పళ్ళెంలో తప్పేం లేదు. మన ఒంట్లో వెన్నుపాము, మెదడు కలిసి నొప్పి కబుర్లని పెంచే, తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంది. ఈ జబ్బులో దాని మర పైకి బిగుసుకుపోతుంది. 2002లో గ్రేస్లీ, క్లావ్ అనే పరిశోధకుల బృందం రోగుల్నీ, మామూలు మనుషుల్నీ మెదడు స్కానర్లో పడుకోబెట్టి బొటనవేలి గోటి మీద ఒత్తిడి పెట్టి చూశారు. మామూలు మనుషుల మెదడు ఎంత ఒత్తిడికి నొప్పి చూపిస్తుందో, దాదాపు అందులో సగానికే ఈ రోగుల మెదడు అదే చూపించింది. డాక్టరు బొటనవేలు మన నొప్పిని కొలిచిన ఇన్నేళ్ళకి మన బొటనవేలే సాక్ష్యం చెప్పింది. ఈ వివరం నాకెంతో ఇష్టం.

ఇది మొత్తం కథ అని నేననను. కొంతమంది రోగుల చర్మంలో సన్నటి నరాల చివర్లు తగ్గి ఉన్నాయని తేలింది. 2021లో లండన్, లివర్‌పూల్, స్టాక్‌హోమ్ శాస్త్రవేత్తలు రోగుల రక్తంలోని యాంటీబాడీల్ని ఎలకలకి ఎక్కిస్తే వాటికీ నొక్కితే నొప్పి ఎక్కువైంది. రేపు ఇంకేం తేలుతుందో. కానీ ఇందులో ఏ దారిన చూసినా ఆ 18 చోట్ల కండలో ప్రత్యేకమైన పాడు ఏదీ లేదు. పెరిగిన వాల్యూమ్ తెలియడానికి నొక్కి చూసే చోట్లు అవి, అంతే.

సూదుల దగ్గర

ఆక్యుపంక్చర్‌కి నన్ను తీసుకెళ్ళింది తోటి టీచరు. చిన్న గది, రెండు మంచాలు, గోడ మీద, యుద్ధకాలంలో చైనా వెళ్ళి వైద్యం చేసిన మన డాక్టర్ కోట్నీస్ ఫొటో. సూదులు పెట్టే ఆయన, 1938లో కోట్నీస్‌తో పాటు చైనా వెళ్ళిన వైద్య బృందంలోని బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడని చెప్పారు. సీలు ఉన్న ప్యాకెట్ నా ఎదురుగానే చించి, దూదితో స్పిరిట్ రాసి, సన్నటి గొట్టంలోంచి సూది తట్టారు. వెంట్రుకంత సూది. దోమ కుట్టినంత కూడా లేదు, కానీ కాసేపటికి ఆ చోట బరువుగా, లోపల ఎవరో మెల్లగా పట్టుకుని లాగుతున్నట్టు అనిపించింది.

నాకు ఆశ్చర్యం వేసింది ఎక్కడంటే, నా భుజాలు సలిపి చస్తుంటే ఒక్క సూదీ భుజం మీద పెట్టలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, మోకాలి కింద, చీలమండ పైన, మణికట్టు దగ్గర, కనుబొమల మధ్య ఒకటి. మా వదిన పంపిన బొమ్మ చుక్కలకీ వీటికీ పొంతనే లేదు. నొప్పి ఉన్న చోటే పొడిచే పద్ధతి చైనా వైద్యంలో లేకపోలేదు. ఏడో శతాబ్దపు సున్ సిమియావ్ దాన్ని "అషి" అన్నాడు. నొక్కినప్పుడు రోగి "ఆ, అదే!" అనే చోటు అని. మా అమ్మ కాళ్ళు పడుతుంటే మా నాన్న "అబ్బ, అక్కడే" అనేవారు, అలాంటిదన్నమాట. కానీ ఆ చోట్లు మనిషి మనిషికీ, రోజు రోజుకీ మారతాయి. 18 అని ముందే అచ్చువేసిన పటం కాదు. కండలో గడ్డకట్టినట్టు తగిలే, ఒక చోట నొక్కితే ఇంకో చోటికి నొప్పి పాకే ట్రిగ్గర్ పాయింట్లు మళ్ళీ వేరు. మూడు వేరువేరు సంగతుల్ని ఆ బొమ్మ ఒక్క ఎర్ర రంగుతో పూసేసింది.

ఇంకో మాట, ఇది భయపెట్టడానికి కాదు. ఆ 18లో భుజం పైభాగం, రెండో పక్కటెముక చోట్ల కింద ఊపిరితిత్తి ఉంటుంది. అక్కడ లోతు తప్పితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. అరుదే, కానీ జరిగిన సంగతే. తెలిసినవాళ్ళు అక్కడ సూదిని ఎంతో జాగ్రత్తగా, ఏటవాలుగా పెడతారు. వాట్సాప్ బొమ్మ చూపించి "ఇక్కడ పొడవండి" అని అడగాల్సిన చోట్లు కావవి.

ఉపయోగం మాటకొస్తే, నాకు నాలుగో సిట్టింగ్ తర్వాత మూడు రాత్రులు నిద్ర పట్టింది. ఏళ్ళ తర్వాత అలా పట్టింది. నల్లబల్ల మీద పైవరస దాకా చెయ్యి లేచింది. అది సూదివల్లే అనుకుని ఎంతమందికి చెప్పానో. తర్వాత చదివినకొద్దీ నా నమ్మకం కాస్త కదిలింది. కాక్రేన్ అనే సంస్థ వైద్య పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూచి చూస్తుంది. దాని 2013 నాటి సమీక్షలో 9 పరిశోధనలు, 395 మంది రోగులు. ఏ వైద్యమూ లేకపోవడం కన్నా సూదులు మేలే. కానీ ఉత్తుత్తి సూదులతో పోలిస్తే నొప్పిలో గానీ నిద్రలో గానీ తేడా లేదు. సూదులకి కరెంటు కలిపితే మాత్రం కొంత తేడా కనబడింది. 2005లో సియాటిల్‌లో 100 మందికి 12 వారాలు, వారానికి రెండుసార్లు చేశారు. కొందరికి అసలు సూదులు, కొందరికి వేరే జబ్బుకి పెట్టే సూదులు, కొందరికి ఏ పాయింటూ కాని చోట సూదులు, కొందరికి గుచ్చకుండా గుచ్చినట్టు నటన. అసలు సూదులు వీటికన్నా ఏమంత మెరుగు కాలేదు. 2006లో మేయో క్లినిక్‌లో 50 మందితో చేసినదాంట్లో నీరసం, ఆందోళన విషయంలో అసలు సూదులే నయమనిపించాయి. 2016లో స్పెయిన్‌లో ఒక్కో రోగికీ విడిగా చోట్లు ఎంచి పెడితే పది వారాలకి నొప్పి 41 శాతం తగ్గింది, ఉత్తుత్తి సూదులతో 27 శాతం.

ఆ 27 దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఏమీ చేయకుండానే అంత తగ్గితే నాకు తగ్గినదానికి పేరేమిటి? మోసపోయానా? ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ గదిలో నలభై నిమిషాలు ఫోను లేకుండా పడుకునేదాన్ని. ప్రతిసారీ ఆయన మొదటి మాట "రాత్రి నిద్ర ఎలా ఉందమ్మా?" అని. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అడగరు, వాళ్ళకి విసుగొచ్చి చాలా కాలమైంది. వాల్యూమ్ మర మెదడులో ఉన్నప్పుడు, భయం తగ్గడం, ఒకరు పట్టించుకోవడం, సూది బరువు, ఇవన్నీ ఆ మర మీద చేతులు వేస్తాయి. 2009లో హారిస్ అనే పరిశోధకుడి బృందం మరో చిత్రం చూసింది: నొప్పి తగ్గడం రెండు రకాల సూదులకీ ఒకేలా ఉన్నా, మెదడులో నొప్పిని అణిచే మ్యూ ఓపియాయిడ్ గ్రాహకాల్లో మార్పు అసలు సూదులకే కనబడింది. దీన్ని పట్టుకుని గెలిచామనడానికి లేదు, కొట్టిపారేయడానికీ లేదు.

నా అభిప్రాయం ఇది. ఊరట నిజం, పటం నిజమని తేలలేదు. ఊరటకి డబ్బివ్వొచ్చు, పటానికి ఇవ్వకూడదు. బ్రిటన్‌లో వైద్య సలహాలిచ్చే నైస్ సంస్థ 2021లో ఇలాంటి దీర్ఘకాలపు నొప్పులకి ఆక్యుపంక్చర్‌ని పరిశీలించమంది, కానీ మొత్తం అయిదు గంటలకి మించని ఒకే ఒక్క విడతగా. అదే పత్రంలో ఈ నొప్పులకి పారాసిటమాల్, నరాల నొప్పికిచ్చే ప్రెగబాలిన్ మొదలుపెట్టొద్దంది. యూరప్ రుమటాలజీ సంఘం గట్టిగా చెప్పింది ఒక్క వ్యాయామం గురించే. ఆ మూడు రాత్రుల నిద్ర నాకిచ్చిన అసలు లాభం, నాలుగో రోజు సాయంత్రం చెరువుగట్టు మీద పది నిమిషాలు నడవగలగడం. ఇప్పుడు ఆ పది ముప్పై అయింది, సూదులు మానేసి ఏడాదిన్నర. సిట్టింగులకి లెక్క చెప్పని చోట, 18 పాయింట్లకి 18 రేట్లు చెప్పే చోట, మాత్రలన్నీ ఆపేయమనే చోట మాత్రం లేచి రండి. నేను చూస్తుండగానే ఒకావిడ ఎవరో చెప్పారని, ఈ నొప్పులకి రాసే డులోక్సెటిన్ మాత్ర ఒక్కసారిగా మానేసి, కళ్ళు తిరిగి, తలలో కరెంటు షాకులు కొడుతున్నాయని గోడ పట్టుకుని కూర్చుంది. అది మానాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

వదినతో

ఇదంతా వదినకి చెబుదామని ఫోన్ చేశాను. పావుగంట నేనే మాట్లాడాను. అంతా విని, "అయితే నాకు 13 వచ్చాయి, అది లెక్కలోకి రాదా?" అంది. నేను ఆగిపోయాను. ఆ బొమ్మ నాకోసం పంపిందనుకుని ఆదివారం నుంచీ కోపంగా ఉన్నాను. ఆవిడ బాత్‌రూములో నిలబడి తన ఒళ్ళు తాను నొక్కి చూసుకుని, ఫైబ్రోమయాల్జియానే అని తేల్చుకుని, సూదుల వాళ్ళ నంబరు కూడా తీసి పెట్టుకుందట. అన్నయ్యకి చెప్పలేదట.

"పొద్దున్నే లేవగానే ఎలా ఉంటుంది వదినా?"

"వేళ్ళు ముడుచుకోవే అమ్మాయ్. గంటన్నర పడుతుంది. పాలగిన్నె రెండు చేతుల్తో పట్టుకుంటున్నా. కణుపులు లావెక్కాయి, పెళ్ళి ఉంగరం సబ్బు రాసి లాగితే గానీ రాలేదు."

వీడియో పెట్టమన్నాను. రెండు చేతులూ ఫోను దగ్గరగా పెట్టింది. చూపుడువేలు, మధ్యవేలు మొదట్లో కణుపులు, రెండు చేతులకీ ఒకేలా, ఉబ్బి నున్నగా ఉన్నాయి. నేను డాక్టర్ని కాను. కానీ 2018లో ఆ డాక్టరమ్మ నా వేళ్ళు ఒక్కొక్కటే అదిమి వెతికింది దీనికోసమే అని తెలుసు. శనివారానికి ఆ రుమటాలజిస్టు దగ్గరే టైము తీసుకున్నాం. సీఆర్‌పీ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, కీళ్ళవాతం ఉందేమో చూసే ఈ రక్తపరీక్షలు ముందే చేయించుకుని రమ్మన్నారు. వదిన రక్తం నిన్ననే ఇచ్చింది. బస్సు వద్దని, మా అబ్బాయి కారు మాట్లాడుతున్నాడు.